బట్టలు పొట్టిగా ఎందుకవుతాయి, రంగు ఎందుకు దిగుతుంది? లాండ్రీ వెనక అసలు లాజిక్

 

టైటిల్ చూడగానే "ఇది మా అమ్మకి ఫార్వర్డ్ చేయాల్సిన వీడియో" అనుకుని ఉంటారు కొందరు. అవసరం లేదండీ. మీ అమ్మకి ఇందులో సగానికి పైగా ఎప్పట్నుంచో వచ్చు. రానిది మనకే. పీజీలో, హాస్టల్లో, బెంగళూరు షేరింగ్ ఫ్లాట్‌లో, డాలస్ అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ రూమ్‌లో, వారం రోజుల బట్టలన్నీ ఒకే లోడ్‌గా తోసేసి బటన్ నొక్కి ఫోన్ చూసుకునేది మనమే కదా.

పైగా మన దగ్గర ఉండే బట్టలు తక్కువ. జాబ్ ట్రయల్స్‌లో ఉన్నవాళ్ళకి ఫార్మల్ షర్టులు రెండో మూడో ఉంటాయి. అందులో ఒకటి గులాబీ రంగులోకి మారిందంటే చిన్న నష్టమేం కాదు. అందుకే ఈరోజు టిప్స్ లిస్ట్ చదివేసి వెళ్ళిపోను. కారణం చెప్తా. కారణం తెలిస్తే, రేపు నేను చెప్పని బట్ట మీ చేతిలోకి వచ్చినా ఏం చేయాలో మీకే తట్టుద్ది.

ఇక్కడ సమస్యలు రెండు. ఒకటి సైజు, రెండోది రంగు. ఈ రెండింటినీ కలిపేసి "చల్లనీళ్ళలో ఉతుకు చాలు" అని ఒకే మందు రాసేస్తారు అందరూ. చల్లనీళ్ళు రెండింటికీ మంచిదే. కానీ రెండింటి రూట్ కాజ్ వేరు.

ముందు సైజు సంగతి. కాటన్ తీసుకుందాం. మగ్గం మీదైనా, మిల్లులో అయినా, పడుగు దారాలని గట్టిగా లాగి, బిగించి ఉంచి, వాటి మధ్యలోంచి పేక నడుపుతారు. అంటే బట్ట పుట్టేటప్పుడే ఒక టెన్షన్‌లో పుడుతుంది. మనలాగే అనుకోండి. ఆ టెన్షన్ దారంలో అలాగే నిద్రపోతూ ఉంటుంది. నీళ్ళు తగలగానే దారం ఉబ్బుతుంది, లోపల పట్టు సడలుతుంది, లాగి ఉంచిన దారం తన అసలు పొడవుకి వెనక్కి వచ్చేస్తుంది. మీ కుర్తా అడ్డం కన్నా పొడవులో ఎక్కువ తగ్గడానికి కారణం ఇదే. పడుగు వైపే ఎక్కువ లాగి ఉంచారు కాబట్టి అటే ఎక్కువ ముడుచుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ముడుచుకోవడం మొదలుపెట్టేది వేడి కాదు, నీళ్ళు. వేడి, మెషీన్‌లో కుదుపు ఆ పనిని తొందరగా, ఇంకా గట్టిగా చేయిస్తాయి. కాబట్టి చల్లనీళ్ళలో ఉతికినా కొత్త కాటన్ కొంచెం తగ్గుతుంది. షాప్ వాడు మోసం చేశాడని వెంటనే గొడవకి వెళ్ళకండి.

మరి రెడీమేడ్ షర్టులు అంతగా ఎందుకు తగ్గవు? ఎందుకంటే ఆ ముడుచుకునే పని మీ ఇంట్లో జరగకముందే ఫ్యాక్టరీలో చేయించేస్తారు. శాన్‌ఫోర్డ్ క్లూయెట్ అని ఒక అమెరికన్, 1930 ప్రాంతంలో దీనికి ఒక పద్ధతి కనిపెట్టాడు. తడి బట్టని రబ్బరు బెల్టు మీద నొక్కి, పొడవు వైపు ముందే కుదించేస్తారు. ఆయన పేరు మీదే దాన్ని శాన్‌ఫరైజింగ్ అంటారు. ఇది చేసిన బట్ట తర్వాత తగ్గితే ఒక శాతం అటూ ఇటూ. ఇది చేయని రా డెనిమ్ అయితే 10 శాతం దాకా తగ్గొచ్చు. 32 సైజు నడుం మీద 10 శాతం అంటే ఎంతో లెక్కేసుకోండి. ఆ ప్యాంట్ ఇంక తమ్ముడికే. ట్యాగ్ మీద "ప్రీ ష్రంక్" అని ఉంటే ఈ పని అయిపోయిందని అర్థం.

టీషర్ట్ సంగతి వేరే. అది నేసింది కాదు, అల్లింది. స్వెటర్ లాగా చిన్న చిన్న ఉచ్చులు ఉంటాయి లోపల. ఉచ్చు అంటేనే సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే టీషర్ట్ పొడవు తగ్గి, అడ్డంగా వెడల్పై, డబ్బా లాగా తయారవుతుంది. తడి టీషర్ట్‌ని రెండు భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి దండెం మీద వేలాడదీస్తే ఆ బరువుకి భుజాల దగ్గర కొమ్ములు కూడా వస్తాయి. సగానికి మడిచి దండెం మీద వేయండి, సరిపోద్ది.

ఇప్పుడు మనవాళ్ళ తెలివి ఒకటి చెప్పాలి. డ్రెస్ మెటీరియల్ కొంటే టైలర్‌కి ఇచ్చే ముందు అమ్మ దాన్ని బకెట్లో తడిపి ఆరేస్తుంది, గుర్తుందా? చీరకి ఫాల్ కుట్టించే ముందు ఆ ఫాల్ గుడ్డని కూడా తడుపుతారు. చిన్నప్పుడు అదేదో సెంటిమెంట్ అనుకునేవాళ్ళం. క్లూయెట్ ఫ్యాక్టరీలో చేయించింది, అమ్మ బకెట్లో చేసింది. ఫాల్ తడపకుండా కుట్టారనుకోండి, మొదటి ఉతుకులో చీర అలాగే ఉంటుంది, ఫాల్ మాత్రం ముడుచుకుంటుంది. దాంతో అంచు అంతా కుచ్చులు పడుతుంది. అప్పుడు ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడతలు పోవు, ఎందుకంటే అవి ముడతలు కాదు, రెండు గుడ్డల పొడవులో తేడా. ఫాల్ విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. బ్లౌజు లైనింగ్‌కి కూడా ఇదే కథ.

మీ గుడ్డ ఎంత తగ్గుతుందో మీరే కనుక్కోవచ్చు. మెటీరియల్ ఒక మూల బాల్ పెన్నుతో సరిగ్గా 20 సెంటీమీటర్ల చతురస్రం గీయండి. తడిపి, ఆరేసి, మళ్ళీ స్కేలుతో కొలవండి. 19 వచ్చిందంటే 5 శాతం తగ్గిందన్నమాట. ల్యాబుల్లో చేసేది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే వాళ్ళు మెషీన్, టెంపరేచర్ అన్నీ ఫిక్స్ చేసి చేస్తారు.

అమ్మాయిలూ, మీకు ఎక్కువ దెబ్బ పడేది రేయాన్ దగ్గర. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి వచ్చే కుర్తీల్లో చాలా వాటి మీద రేయాన్ అనో విస్కోస్ అనో ఉంటుంది. చెక్క గుజ్జు నుంచి తీసిన దారం అది. మెత్తగా ఉంటుంది, జారుతుంది, బాగా పడుతుంది ఒంటి మీద. కానీ తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, కాటన్ కన్నా ఎక్కువ ఉబ్బుతుంది కూడా. ఆ టైంలో మీరు బట్ట పిండినట్టు మెలితిప్పి పిండితే కుట్ల దగ్గర జారిపోతుంది, ఆకారం పోతుంది. అరచేతులతో నొక్కి నీళ్ళు తీసేయండి, లేదా టవల్‌లో చుట్టి నొక్కండి. తడిగా ఉండగానే పొడవు వైపు చేత్తో మెల్లగా సాగదీసి ఆరేయండి. తగ్గిన దాంట్లో కొంత తిరిగి వస్తుంది.

ఉన్ని స్వెటర్‌కి మాత్రం ఈ తిరిగి రావడం అనేది దాదాపు లేదు. ఉన్ని దారం మీద చేప పొలుసుల్లాగా పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని లాక్ అయిపోతాయి. కంబళి లాగా గట్టిపడిపోతుంది. హెయిర్ కండిషనర్‌లో నానబెడితే మామూలవుతుందని రీల్స్ తిరుగుతుంటాయి. కండిషనర్ దారాల మధ్య కాస్త జారుడు పెంచుతుంది, అంతే. లాక్ అయిన పొలుసుల్ని విప్పదు. ఉన్నిని చల్లనీళ్ళలో, రుద్దకుండా, అడ్డంగా పరిచి ఆరేయడమే.

పాలియెస్టర్ మన నీళ్ళ వేడికి ముడుచుకోదు. దాని గొడవ ఇస్త్రీ పెట్టె దగ్గర. స్ట్రెచ్ జీన్స్, లెగ్గింగ్స్‌లో ఉండే సాగే దారానికి వేడి, క్లోరిన్ బ్లీచ్ రెండూ శత్రువులే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ మెషీన్ కన్నా ప్రమాదం దాని పక్కనున్న డ్రయర్. ఇంటి నుంచి సూట్‌కేస్‌లో పట్టుకెళ్ళిన కాటన్ కుర్తాలు ఇక్కడ పదేళ్ళు దండెం మీద ఆరినా బానే ఉంటాయి, అక్కడ రెండు డ్రయర్ రౌండ్లకే మోకాళ్ళ పైకి వస్తాయి. ఎందుకంటే వేడి గాలిలో దొర్లుతూ ఆరేటప్పుడు బట్టని పట్టి ఉంచేది ఏదీ లేదు. దండెం మీద అయితే తన బరువే తనని లాగుతూ ఉంటుంది. డ్రయర్ ఫిల్టర్‌లో దూది లాగా చేరుతుంది చూడండి, అది దుమ్ము అనుకుంటారు. చాలా వరకు అది మీ బట్టే, కొంచెం కొంచెంగా అరిగి వచ్చింది. కాటన్ కుర్తాలు, బ్లౌజులు డ్రయర్‌లో వేయకండి. బాత్రూమ్ రాడ్ మీద ఆరేయండి. తప్పదు అంటే లో హీట్ పెట్టి, ఇంకాస్త చెమ్మ ఉండగానే తీసేయండి. ఎముక లాగా ఎండేదాకా తిప్పితేనే ఎక్కువ నష్టం.

సరే, ఇప్పుడు రంగు. నాకు ఎక్కువ ఇంట్రెస్ట్ ఉన్న పార్ట్ ఇది.

కొత్త బట్ట రంగు దిగుతుంటే మా అమ్మ చెప్పే మొదటి మాట: "ఉప్పు నీళ్ళలో నానబెట్టరా." ఈ ఎపిసోడ్‌కి ప్రిపేర్ అవుతూ ఫోన్ చేసి అడిగా, "అమ్మా, ఉప్పు వేస్తే రంగు ఎందుకు ఆగుద్ది?" అని. "మా అమ్మ చెప్పింది, మీ అమ్మమ్మని అడుగు" అంది. డాక్యుమెంటేషన్ అక్కడితో ఆగిపోయింది.

ఉప్పు కథ ఎక్కడి నుంచి వచ్చిందంటే, అద్దకం దగ్గర్నుంచి. కాటన్‌కి రంగు వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు కలుపుతారు. నీళ్ళలో ఉన్న రంగుని ఉప్పు బట్ట వైపు తోస్తుంది. అంటే ఉప్పు రంగుని ఎక్కిస్తుంది, కానీ అతికించదు. మీరు బకెట్లో ఉప్పేసి నానబెట్టినప్పుడు నీళ్ళలోకి దిగే రంగు తక్కువగా కనిపించొచ్చు. తర్వాత మామూలు నీళ్ళలో జాడిస్తే మళ్ళీ దిగుతుంది. పర్మనెంట్ ఫిక్స్ కాదు. వెనిగర్ కూడా అంతే. ఆమ్లం కావాల్సింది పట్టు, ఉన్ని లాంటి వాటికి వేసే కొన్ని రంగులకి, అదీ వేడిలో, అద్దే టైంలో. ఇంట్లో కాటన్ బట్టని వెనిగర్‌లో ముంచితే ఏమీ అతుక్కోదు.

అసలు రంగు బట్టని ఎలా పట్టుకుని ఉంటుందో చూస్తే మొత్తం అర్థమవుద్ది. సింపుల్‌గా మూడు రకాలు అనుకోండి. కొన్ని రంగులు దారాన్ని ఊరికే ఆనుకుని ఉంటాయి, బస్సులో ఫుట్‌బోర్డ్ మీద వేలాడేవాళ్ళలా. వీటిని డైరెక్ట్ రంగులంటారు, చవక. ఉతికిన ప్రతిసారీ కొందరు దిగిపోతుంటారు. రెండో రకం రియాక్టివ్ రంగులు. 1956లో ఐసీఐ అనే బ్రిటిష్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. ఇవి కాటన్‌తో నిజంగా కెమికల్ బాండ్ కట్టేసుకుంటాయి, సీట్ బెల్ట్ పెట్టుకుని కూర్చున్నట్టు. కానీ అద్దేటప్పుడు సీటు దొరకని రంగు కొంత మిగిలిపోయి బట్టలోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో సరిగ్గా కడగకపోతే అది మీ మొదటి రెండు మూడు ఉతుకుల్లో బయటకొస్తుంది, తర్వాత ఆగిపోతుంది. మూడోది నీలిమందు, మన జీన్స్ రంగు. ఇది నీళ్ళలో అసలు కరగదు. కానీ దారం పైపొరలో కూర్చుంటుంది, లోపల దారం తెల్లగానే ఉంటుంది. అందుకే అది కరిగి పోవడం కన్నా రాసుకుని పోవడమే ఎక్కువ. తెల్ల సోఫా మీద కొత్త జీన్స్‌తో కూర్చుంటే నీలం మరక అందుకే.

ఇప్పుడు చేనేత దగ్గరికి వస్తా. నాకు బాధ అనిపించేది ఇక్కడే. పోచంపల్లి చీరో, మంగళగిరి డ్రెస్సో కొంటారు. మొదటి ఉతుకులో నీళ్ళు ఎర్రబడతాయి. "చేనేత అంతే బ్రో, రంగు దిగుద్ది" అని తీర్పు ఇచ్చేసి, మళ్ళీ జన్మలో కొనరు. ఆ తీర్పు నేసినవాళ్ళ కూలి మీద పడుతుంది. కానీ మొదటి ఉతుకు చూసి ఏదీ తేల్చలేం. మిగిలిపోయిన రంగు బయటకొచ్చి ఆగిపోయేదా, లేక ఫుట్‌బోర్డ్ బ్యాచా అన్నది మూడో ఉతుకులో తెలుస్తుంది. మూడోసారి కూడా మొదటిసారిలాగే దిగితే అది చవక రంగు. అప్పుడు షాప్‌కి వెళ్ళి అడగండి, అడగాల్సిందే. చేనేతలో కూడా మంచి రంగు వాడేవాళ్ళు, వాడనివాళ్ళు ఉంటారు. మిల్లు బట్టలోనూ ఉంటారు.

కొనేటప్పుడే ఒక టెస్ట్ చేయొచ్చు. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. తెల్ల కాటన్ కర్చీఫ్, కొంచెం తడిపా. ఈ ఎర్ర స్టోల్ లోపలి అంచు మీద పదిసార్లు రుద్దుతున్నా. చూడండి, లేత గులాబీ వచ్చింది. ముదురు ఎరుపులో ఈ మాత్రం మామూలే. కర్చీఫ్ బాగా ఎర్రబడితే మాత్రం ఆ బట్టని ఎప్పటికీ విడిగానే ఉతకాలని అర్థం. షాప్‌లో అడిగి చేయండి, వాళ్ళకి తెలియకుండా కాదు.

కలంకారీ అయితే ఇంకో జాగ్రత్త. శ్రీకాళహస్తిలో కలంతో గీసేది, పెడనలో అచ్చులతో వేసేది. అసలైన సహజ రంగుల కలంకారీలో బట్టని ముందు కరక్కాయలో నానబెడతారు. నలుపు కోసం బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రవం వాడతారు. ఆ ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి నలుపవుతుంది. ఎరుపుకి పటిక పట్టు ఇస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. ఆమ్లం తగిలితే ఆ ఇనుము నలుపు కరిగిపోతుంది. తుప్పు మరకకి నిమ్మకాయ రుద్దుతామే, అదే కెమిస్ట్రీ. అంటే "రంగు నిలవడానికి వెనిగర్ వేయండి" అనే రీల్ చూసి మీరు కలంకారీ మీద వెనిగర్ పోస్తే, ఏ రంగు కాపాడాలనుకున్నారో దాన్నే తీసేస్తున్నారు. నిమ్మకాయ కూడా వద్దు. కారం ఎక్కువున్న బట్టల సోడా, ఘాటు పౌడర్లు కూడా వద్దు. చల్లనీళ్ళు, కొంచెం మైల్డ్ లిక్విడ్, నానబెట్టకుండా జాడించి, నీడలో. అంతే.

పట్టుకి కూడా మైల్డ్ లిక్విడే. పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్లు. మన పౌడర్లలో చాలా వాటిలో ప్రొటీన్ మరకల్ని తినే ఎంజైములు ఉంటాయి. వాటికి మరకేదో చీరేదో తేడా తెలియదు కదా. ప్యాకెట్ వెనక "పట్టు, ఉన్నికి వాడొద్దు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. పాతకాలంలో పట్టుకి కుంకుడుకాయ రసం వాడేవాళ్ళు, అది నిజంగానే మెత్తటి సబ్బు. జరీ ఉన్న పెళ్ళి పట్టుచీర జోలికి మాత్రం మీరు వెళ్ళకండి, డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేయండి. మీకూ ప్రశాంతం, మీ వదినకీ ప్రశాంతం.

ఇప్పుడు ఎమర్జెన్సీ కేసు. మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అమీర్‌పేటలో పీజీ. శనివారం సాయంత్రం కామన్ మెషీన్‌లో తన తెల్ల షర్ట్ వేశాడు, డ్రమ్ములో ముందు వాళ్ళది ఎర్ర టీషర్ట్ ఒకటి ఉండిపోయింది. షర్ట్ గులాబీ. సోమవారం పొద్దున ఇంటర్వ్యూ. "అన్నా, బ్లీచ్ కొట్టేయనా?" అన్నాడు.

మొదటి ప్రశ్న ఒకటే అడిగా: "ఆరిపోయిందా, తడిగానే ఉందా?" తడిగానే ఉందన్నాడు. సగం గెలిచినట్టే. పక్క బట్ట నుంచి అంటుకున్న రంగు తడిగా ఉన్నంతసేపు ఇంకా స్థిరపడలేదు. ఎండలో ఆరేసినా, ఇస్త్రీ చేసినా గట్టిపడుతుంది. కాబట్టి రూల్ ఏంటంటే, ఆరనివ్వొద్దు. ఎర్ర బట్టని తీసి పక్కన పెట్టి, తెల్లదాన్ని వెంటనే మళ్ళీ డిటర్జెంట్‌తో ఉతకాలి. కొంత అప్పుడే పోతుంది. మిగిలిన దానికి సూపర్ మార్కెట్‌లో ఆక్సిజన్ స్టెయిన్ రిమూవర్ అని పౌడర్ దొరుకుతుంది. వెనక సోడియం పెర్‌కార్బొనేట్ అని రాసి ఉంటుంది. నీళ్ళలో వేస్తే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, బట్టల సోడాగా విడిపోతుంది. చన్నీళ్ళలో నిదానం. చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్ళు కావాలి. ప్యాకెట్ మీద చెప్పినంత కలిపి, నాలుగైదు గంటలు ముంచి ఉంచి, మళ్ళీ ఉతకాలి. తగ్గి ఇంకా ఉంటే ఇంకో రౌండ్. ఆదివారం మధ్యాహ్నానికి ఫొటో పెట్టాడు. కాలర్ లోపల లేతగా ఉంది, బయటికి తెలుపే. టై కట్టుకుంటే ఎవరికీ కనపడదులే అన్నా.

మరి మామూలు క్లోరిన్ బ్లీచ్ ఎందుకు వద్దన్నా? స్వచ్ఛమైన తెల్ల కాటన్ టవల్ అయితే పర్లేదు. కానీ ఫార్మల్ షర్టుల మీద ముడతలు పడకుండా వేసే కొన్ని ఫినిష్‌లు క్లోరిన్ తగిలితే పసుపు పచ్చగా మారతాయి. గులాబీ పోయి పసుపు వస్తే దానికి మందు లేదు. ఇంకో సీరియస్ విషయం. పీజీ బాత్రూమ్‌లో బకెట్ పక్కనే టాయిలెట్ క్లీనర్ ఉంటుంది. అది ఆసిడ్. క్లోరిన్ బ్లీచ్, ఆసిడ్ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. చిన్న గది, వెంటిలేటర్ మూసి ఉంటే ఊపిరితిత్తులకి నిజంగా ప్రమాదం. రెండూ కలిపితే బాగా తెల్లబడుద్దని ఎవరు చెప్పినా వినకండి. వెనిగర్ కూడా ఆసిడే, దాన్ని కూడా బ్లీచ్‌లో కలపొద్దు.

బ్లీచ్ మాట వచ్చింది కాబట్టి బోరు నీళ్ళ సంగతి. మంజీరా నీళ్ళు వచ్చే ఇంట్లో తెల్లబట్ట ఒకలా ఉంటుంది, బోరు మీద నడిచే పీజీలో ఇంకోలా ఉంటుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు నురగ రాదు. సబ్బు వాటితో కలిసి తెట్టులాగా మారి బట్ట మీదే కూర్చుంటుంది. బూడిద రంగు అదే. ఇలాంటి నీళ్ళకి సబ్బు బిళ్ళ కన్నా డిటర్జెంట్ నయం, ఆఖరి జాడింపు ఒకటి ఎక్కువ చేయండి. నీళ్ళలో ఇనుము ఉంటే, అంటే బకెట్ అడుగున తుప్పు రంగు పడుతుంటే, అక్కడ క్లోరిన్ బ్లీచ్ అసలు వద్దు. బ్లీచ్ ఆ ఇనుముని తుప్పుగా మార్చి బట్ట మీద అతికిస్తుంది. తెల్లబడాలని వేస్తే పసుపు మరకలు వస్తాయి.

పప్పు, చికెన్ కర్రీ మరకల మీద సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, భయపడతారు. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, అంతే. ల్యాబ్‌లో పసుపు కాగితంతో చేసిన ప్రయోగమే. జాడిస్తే మళ్ళీ పసుపు పచ్చగా అవుతుంది. మిగిలిన మరకని తడిగా ఎండలో వేయండి. కర్క్యుమిన్ ఎండకి తట్టుకోలేదు, ఒకటి రెండు రోజుల్లో వెలిసిపోతుంది. తెల్ల బట్టలకి ఎండ ఫ్రీ బ్లీచ్. రంగు బట్టలకి అదే ఎండ విలన్. మన డాబా మీద మే నెల మధ్యాహ్నం నల్ల టీషర్ట్ ఆరేస్తే ఎండలోని యూవీ రంగుని విరగ్గొడుతుంది. తిరగేసి, నీడలో ఆరేయండి. నలుపు వెలిసినట్టు కనపడటానికి ఇంకో కారణం రాపిడి కూడా. పైన నూగు లేచి బూడిద రంగులా అనిపిస్తుంది. ఉతికేటప్పుడు కూడా తిరగేయమనేది అందుకే, జీన్స్‌కీ అంతే. జిప్పులు పెట్టేయండి, మెషీన్‌ని కుక్కి నింపకండి.

డిటర్జెంట్ ఎక్కువేస్తే ఎక్కువ శుభ్రం అనేది కూడా భ్రమే. మిగిలిన పౌడర్ బట్టలో ఉండిపోయి మళ్ళీ మురికిని పట్టుకుంటుంది. ఇంకో తమాషా ఉంది. చాలా పౌడర్లలో ఆప్టికల్ బ్రైటెనర్లు ఉంటాయి. కంటికి కనపడని యూవీని పీల్చి నీలం వెలుతురుగా బయటకి పంపుతాయి. పబ్‌లో బ్లాక్ లైట్ కింద తెల్ల షర్ట్ మెరిసేది అందుకే. తెలుపుకి బానే ఉంటుంది. కానీ మీ గోధుమ రంగు ఖాదీ, క్రీమ్ కలర్ చేనేత షర్ట్ నాలుగు ఉతుకులకి వేరే షేడ్‌లోకి వెళ్ళిపోతాయి. వాటికి బ్రైటెనర్ లేని లిక్విడ్ చూసుకోండి.

చివరగా లేబుల్. కాలర్ వెనకో, పక్క కుట్టులోనో ఉంటుంది, గుచ్చుకుంటోందని కత్తిరించేస్తాం. కత్తిరించే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ఆ బొమ్మలకి ఐఎస్ఓ 3758 అని ఒక స్టాండర్డ్ ఉంది, కాబట్టి చాలా దేశాల్లో అవే గుర్తులు కనిపిస్తాయి. తొట్టి బొమ్మ అంటే నీళ్ళలో ఉతకొచ్చు, లోపలున్న నంబర్ గరిష్ట ఉష్ణోగ్రత. 30 అంటే 30 డిగ్రీలు దాటొద్దు. కింద ఒక గీత ఉంటే మెల్లగా, రెండు గీతలుంటే చాలా మెల్లగా తిప్పాలి. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే. త్రిభుజం బ్లీచ్ గుర్తు. ఖాళీగా ఉంటే ఏదైనా ఓకే, లోపల రెండు వాలు గీతలుంటే ఆక్సిజన్ రకమే, ఇంటూ కొడితే ఏదీ వద్దు. చతురస్రంలో వృత్తం డ్రయర్. చతురస్రం మూలన రెండు వాలు గీతలుంటే నీడలో ఆరేయమని. ఈ ఆఖరిది ఎవరూ పట్టించుకోరు, మన ఎండలకి ముఖ్యమైంది అదే.

వృత్తం ఒక్కటే ఉంటే ప్రొఫెషనల్ క్లీనింగ్. ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి, వాటి సంగతి, గల్లీ చివర బొగ్గు ఇస్త్రీ పెట్టె కింద పాలియెస్టర్ ఎందుకు మెరుస్తుందో, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఆ ఇస్త్రీ అన్నతోనే మాట్లాడించే ప్లాన్ ఉంది, ఆయన ఒప్పుకుంటే. ఈలోపు మీ దగ్గరున్న లేబుల్ ఏదైనా అర్థం కాకపోతే ఫొటో పంపండి. బై.